రేసంటే గ్రౌండుండాలి

బిలాస్‌పూర్,
ఆగస్టు మొదటివారం.

పెద్దలు బంగార్రాజు గారికి రజిని నమస్కారాలు.

మీరు నన్నెరగరు. మాది కరీంనగర్. ఈ ఊరి కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతున్నాను. రేపు ఆస్పత్రుల్లో, బస్తీల్లో, అనాథాశ్రమాల్లో పనిచేయబోయే పిల్లలు నా దగ్గర చదువుకుంటారు.

ఈసారి నా పాఠాల్లో రేస్ అనే అంశం చేర్చాను. మా విభాగానికి పెద్ద జానకిరామ్ గారు. మన తెలుగువారే. ఆయనకది ఇష్టం లేదు. "రేసులన్నీ ఫారిన్ గొడవలమ్మా, మన దగ్గర ఎక్కడున్నాయి?" అంటారు. సరే, ఒక క్లాసు చెప్పి చూపించు, వెనక బెంచీలో కూర్చుని వింటాను, నచ్చకపోతే తీసేస్తాను అన్నారు. నా భయం పాఠం గురించి కాదు. అరెన్లా అని నాగాలాండ్ అమ్మాయి నా క్లాసులో ఉంది. ఈ రేస్ వల్లే ఆ పిల్ల బాగా అలిసిపోయింది. చదువు మానేసి ఊరెళ్ళిపోతానంటోంది.

కూరగాయల దగ్గర తెలుగు వినబడి ఆగితే బ్యాంకు ఆదినారాయణ గారు పరిచయమయ్యారు. ఆయనతో ఈ మాట అంటే, "రేస్ గురించయితే ఈ ఊళ్ళో బంగార్రాజు గారి తరవాతే ఎవరైనా" అన్నారు. మీకు ఫోన్లో సరిగా వినబడదనీ ఉత్తరం రాయమనీ ఆయనే చెప్పారు. దయచేసి మా పిల్లలకు మీ అనుభవం చెప్పగలరా?

మీ జవాబు కోసం చూస్తూ,
రజిని.

తా.క.: తెలుగులో ఉత్తరం రాసి చాలా కాలమైంది. ఒత్తులు తప్పితే క్షమించండి.

*

రాజ్‌కిశోర్ నగర్.

లెక్చరర్ రజిని గారికి లోకో షెడ్డు ఫిట్టరు (రిటైర్డ్) బంగార్రాజు ఆశీస్సులు.

మా ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో! పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గరే నిలబడి, "ఎవరు రాశారు? అంతా కులాసాయేనా?" అని అడిగి గాని కదల్లేదు.

మీ అభ్యర్థన సంతోషంగా ఒప్పుకుంటున్నాను. ఇంతకాలానికి రేసు చదువులోకి వచ్చిందంటే మంచిరోజులు వచ్చినట్టే. మా రోజుల్లో రేసుకెళ్ళి ఇంటికొస్తే చదువు మానేశావని వీపు పగిలేది.

అయితే రేసు నోటితో చెప్పేది కాదమ్మా. గ్రౌండులో దిగాలి. గీత గీయాలి. అందరినీ గీత మీద నిలబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరెక్కడున్నారో. మీ కాలేజీకి గ్రౌండుందా? సున్నం నేను తెస్తాను.

మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికొచ్చారు. నేను రైల్వే క్వార్టర్లోనే పుట్టాను. పొద్దున్నే షెడ్డులో బొగ్గింజన్లు ఆవిరి వదిలేవి. ఆ చప్పుడుకి లేచి చకర్‌భాటా రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. సదర్ బజార్లో మా నాన్న కొన్న కాన్వాసు బూట్లకి రోజూ సుద్దముక్క రుద్ది తెల్లగా చేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇంజన్లూ లేవు, ఆ మోకాళ్ళూ లేవు.

ఆ నాగాలాండ్ అమ్మాయిని మానెయ్యొద్దనండి. కొండల మీద పెరిగినవాళ్ళకు ఊపిరి ఎక్కువ. మొదట్లో అలుపొస్తుంది, తరవాత వాళ్ళను పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

ఉంటాను,
బంగార్రాజు.

తా.క.: మొదలుపెట్టడానికి మేం తుపాకీ పేల్చేవాళ్ళం. కాలేజీ గేటు దగ్గర తుపాకీ ఆపేస్తారని మా ఆవిడ అప్పయమ్మ అంటోంది. కాబట్టి స్టీలు పళ్ళెం, గరిటె తెస్తాను.

*

బిలాస్‌పూర్,
ఆగస్టు.

బంగార్రాజు గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముత్యాల్లాంటి చేతిరాత! మీరన్న గీత సంగతి చూసి ఆశ్చర్యపోయాను. మా చదువులో సరిగ్గా అలాంటి అభ్యాసమే ఒకటుంది. పిల్లల్ని ఒక గీత మీద నిలబెట్టి ప్రశ్నలడుగుతాం. జవాబుని బట్టి కొందరు ముందుకు జరుగుతారు, కొందరు వెనక్కి. చివరికి చూసుకుంటే, అందరం ఒకేచోట బయల్దేరామనుకోవడం ఎంత భ్రమో తెలుస్తుంది. పుస్తకాల్లో చదివి నేను నేర్చుకున్నది మీరు ఊరికే అనేశారు.

గ్రౌండుంది గాని, ముందు క్లాసుగదిలో మాట్లాడుకుందాం. రంగు గురించి కూడా చెప్పాలి. రంగుని బట్టి మనుషుల్ని వేరు చేయడం మీరు చూశారా? వివక్షలో మీ స్వానుభవం ఏమైనా ఉందా? అడగడం తప్పయితే వదిలేయండి.

మీరు అరెన్లా గురించి అన్న మాట ఆమెకు చెప్పాను. చాలా రోజుల తరవాత నవ్వింది. "ఊపిరి ఎక్కువా? అచ్ఛా!" అంది.

కృతజ్ఞతలతో,
రజిని.

తా.క.: తుపాకీ మాట మీరు ఉపమానంగా వాడారని అర్థమైంది, చాలా లోతుగా ఉంది. కాని పళ్ళెం, గరిటె తేవద్దు. ఆ రోజు భోజనం మేమే పెడతాం.

*

రాజ్‌కిశోర్ నగర్.

రజిని గారికి,

భోజనం పెడతామన్నారు. సంతోషం. కాని పరుగుకి ముందు తింటే కడుపులో పట్టేస్తుంది. తరవాత చూద్దాం. పళ్ళెం మాత్రం తెస్తాను, దాని పని వేరు.

కొందరు ముందు నిలబడతారు, కొందరు వెనక అని రాశారు. అదే అసలు కిటుకు. గుండ్రటి ట్రాకులో బయటి వరసవాణ్ణి ముందు నిలబెట్టాలి. చూసేవాళ్ళు, "అరె, వాడికెందుకు ముందు చోటు?" అని గోల చేస్తారు. వాడి దారి మలుపులో ఎక్కువమ్మా! అందుకే ఆ ముందు చోటు. అది వాడికి పెట్టే భిక్ష కాదు, లెక్క. ప్రతి పోటీలోనూ ఎవడో ఒకడు ఈ మాట మీద జడ్జీతో కొట్లాటకొచ్చేవాడు.

రంగు సంగతి. మా జట్టు నీలం. అవతల జట్టు తెలుపు. తెల్లవాళ్ళ బనీన్లు మట్టికి ఒక్కరోజులో పాడైపోయేవి. రంగు చూసి వేరు చేయకపోతే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అది ఉండాల్సిందే.

ఇక వివక్షలో నాకు ప్రవేశం తక్కువ. కాలనీలో ఒకటి రెండుసార్లు జరిగినట్టు గుర్తు. నేను మాత్రం ఎప్పుడూ పాల్గొనలేదు. నాది నాలుగు వందల మీటర్లు.

అందులో ఎన్ని కప్పులు కొట్టానో! మైకులో నా పేరు వినబడితే కాలనీ మొత్తం లేచి నిలబడేది. పేరంటే ఇంట్లో పెట్టిన పేరు కాదు. "లేన్ నంబర్ చార్ మే, కాలా ఇంజన్!" అని అరిచేవాడు మైకు పట్టుకున్నాయన. జనం కూ అని కూత పెట్టేవాళ్ళు. ఇప్పటికీ పాతవాళ్ళు నన్ను అలాగే పిలుస్తారు. నాకున్న బిరుదు అదొక్కటే.

ఇట్లు,
బంగార్రాజు (కాలా ఇంజన్).

తా.క.: నా చేతిరాత ముత్యాల్లా ఉందన్నారు. ఆ వాక్యం మా ఇంట్లో ఇద్దరం చదివాం. ఒకరికి మరీ ఎక్కువ సంతోషమైంది.

*

బిలాస్‌పూర్,
ఆగస్టు చివర.

బంగార్రాజు గారికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. బయటి వరసవాడి గురించి మీరు రాసిన నాలుగు ముక్కలు స్టాఫ్‌రూంలో హిందీలో చెప్పి వినిపించాను. రిజర్వేషన్ల గురించి ఇంత సూటి మాట ఈ మధ్య వినలేదన్నారు తోటి లెక్చరర్లు. జానకిరామ్ గారు మాత్రం టీ తాగుతూ కూర్చున్నారు.

వివక్ష చూసినా ఎన్నడూ పాల్గొనలేదన్నారు. మీ మీద గౌరవం రెట్టింపయింది.

కాని ఆ బిరుదు దగ్గర ఆగిపోయాను. ఒక మనిషిని ఒంటి రంగు పేరుతో అందరిముందూ పిలవడం, జనం కూతలు పెట్టడం. మీకు బాధ కలగలేదా? అరెన్లా ఆటో ఎక్కితే "ఓయ్ చైనా" అంటారు. తిరిగి ఒక మాటంటే, "మజాక్ చేశాం, అంతలోనే కోపమా" అంటారు. మీ సంగతీ ఇలాంటిదే కదా? క్లాసులో దీని గురించి చెప్తే చాలు.

గురువారం పదిగంటలకి. కారు పంపుతాం.

గౌరవంతో,
రజిని.

తా.క.: మీకు బాధ కలిగించే జ్ఞాపకమైతే చెప్పనక్కర్లేదు. క్లాసులో నీళ్ళు, రుమాళ్ళు సిద్ధంగా ఉంచుతాను.

*

రాజ్‌కిశోర్ నగర్.

లెక్చరర్ గారికి,

రుమాళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి. చెమట తుడుచుకోవడానికి నా తువ్వాలు నాకుంది.

నాకు బాధేమిటండీ! ఆ మైదానం మీరు చూడలేదు. సాయంత్రం ఎండ పచ్చగా పడేది. క్వార్టర్లలో ఆడవాళ్ళు పొయ్యిలు ఆపి వచ్చేవాళ్ళు. డ్యూటీ దిగిన డ్రైవర్లు మసి మొహాలతోనే గోడ మీద కూర్చునేవాళ్ళు. తెలుగు, ఒడియా, బెంగాలీ, ఛత్తీస్‌గఢీ అన్నీ ఒకేసారి వినబడేవి. మూడో వరసలో పరిగెత్తే పంజాబీ కుర్రాణ్ణి తూఫాన్ అనేవారు. రెండో వరస బెంగాలీ అబ్బాయిని హిరన్ అనేవారు, అంటే లేడి. నన్ను కాలా ఇంజన్ అన్నారు. ముగ్గురికీ మూడు పేర్లు. ఇందులో ఏడవడానికేముంది? మా ఇంజన్లు నల్లగానే ఉండేవి. వాటిని చూసి మేం మురిసిపోయేవాళ్ళం.

ఒకాయన పెన్షన్ తీసుకుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, ఆ ఒక్క పేరు తలుచుకుని బతుకుతుంటే, అది బిరుదు కాదు తిట్టు అని ఉత్తరం రాస్తారా? ఇదేం చదువు?

అయినా మాటిచ్చాను, వస్తాను. గురువారం మీ పిల్లలకు రేసంటే ఏమిటో చూపిస్తాను. బూట్లు వేసుకు రమ్మనండి. చెప్పులతో వస్తే లేన్లోకి రానివ్వను.

బంగార్రాజు.

తా.క.: కోపంలో ఈ ఉత్తరం మధ్యలో రెండు తిట్లు వచ్చాయి. రాయడంలో అవి జారిపోయాయి.

*

బిలాస్‌పూర్,
శుక్రవారం.

బంగార్రాజు గారికి రజిని చేతులు జోడించి రాస్తున్నది.

నిన్న క్లాసులో ఎవరేమన్నారో మీకు సగం వినబడి ఉండదు. భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయారు. అందుకే జరిగిందంతా రాస్తున్నాను.

మీరు ట్రాక్‌సూటులో, చేతిలో సున్నం సంచితో, చంకలో పళ్ళెంతో గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, గ్రౌండెక్కడ? ఇక్కడన్నీ బెంచీలున్నాయేటి?" అన్నప్పుడు నాకు మన ఉత్తరాలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వెనక బెంచీలో జానకిరామ్ గారు పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశారు.

నేను మీ చెవి దగ్గర ఎంత అరిచినా మీకు అందలేదు. అప్పుడు అరెన్లా లేచింది. మీకు హిందీ చదవడం వచ్చా అని సైగచేసి అడిగింది. మీరు తల ఊపారు. ఆమె బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఇక్కడ రేస్ అంటే పరుగు కాదు దాదాజీ, మనిషి పుట్టుకనీ రంగునీ మొహాన్నీ చూసి తక్కువ చేయడం అని. మీరు అది చదివి పెద్దగా నవ్వారు. "ఓస్, అదా! దానికి పేరు కూడా ఉందేటి? మేం మజాక్ అనీవోలం" అన్నారు. నేను హిందీలో చెప్తే పిల్లలూ నవ్వారు. అరెన్లా నవ్వలేదు.

మీ ఉత్తరంలోని మూడు పేర్ల సంగతి నేను పిల్లలకు ముందే చెప్పి ఉన్నాను. ఆమె దాని కిందనే ఇంకో వాక్యం రాసింది. మీకు గుర్తుండే ఉంటుంది. తూఫాన్ అన్నదీ హిరన్ అన్నదీ పరుగు చూసి. కాలా అన్నది ఏం చూసి?

మీరు చాలాసేపు బోర్డు వైపే చూశారు. తరవాత మీరన్న మాటలు మీకు గుర్తున్నాయో లేదో. "మొదటి కప్పు తెచ్చిన రోజున మా యమ్మ అడిగింది. ఒరే, గెల్చినోడి పేరు సెప్పనేదేటి, నీ పేరు ఇందామని సివరిదాకా నిల్చున్నాను అంది. నానేటి సెప్పాలి? అదే నా పేరని సెప్పినాను. ఆవిడ లోపలికెళ్ళిపోనాది" అన్నారు. నేను తెచ్చిన రుమాళ్ళలో మొదటిది నాకే పనికొచ్చింది.

ఆ తరవాత మీరు ఠక్కున లేచి, "పదండి గ్రౌండుకి" అన్నారు. గీత గీశారు. ఒక్కొక్కరూ మొత్తం పేరు చెప్తేనే లేన్లోకి రానిచ్చారు. పాపం, మీకు వినబడక ప్రతివాళ్ళనీ, "వినబడనేదు, మళ్ళీ!" అన్నారు. ఇంటిపేర్లతో, ఊరిపేర్లతో పిల్లలు గొంతు చించుకుని అరిచారు. అరెన్లా తన వంశం పేరుతో సహా అరిచింది. మీరు దాన్ని మూడు రకాలుగా తప్పు పలికి, చివరికి సరిగ్గా పట్టుకుని, చేతులు నోటి దగ్గర పెట్టుకుని మైదానమంతా వినబడేలా ప్రకటించారు. ఆ తరవాతే పళ్ళెం మోగింది. ఆమె మొదటి స్థానంలో రాలేదు. నాలుగోదిగా వచ్చింది. అయినా ఊరెళ్ళే టికెట్టు ఆ సాయంత్రమే రద్దు చేసుకుంది.

పాఠం తీసేయడం లేదు. జానకిరామ్ గారు, "నేనూ రెండు మాటలు చెప్పొచ్చా?" అని లేచారు. ఢిల్లీ హాస్టల్లో తనను ఏమేమి అనేవారో మొదలుపెట్టి, భోజనాలు చల్లారిపోయేదాకా చెప్పారు. మన దగ్గర ఎక్కడున్నాయన్న మనిషి ఆయనే.

ఒక్కటే నా దిగులు. మీకున్న ఒక్క మంచి జ్ఞాపకాన్ని నా పాఠం కోసం పాడుచేశానా? తిట్టాలనుంటే తిట్టండి, తిట్లు తీసేయకుండా రాయండి.

రజిని.

తా.క.: ఉత్తరాల్లో మీ తెలుగు ఒకలా, నోట ఒకలా ఉంది. ఇంత చక్కటి పుస్తకాల తెలుగు ఎక్కడ నేర్చారు?

*

రాజ్‌కిశోర్ నగర్.

చిరంజీవి రజినికి,

మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు. పలాస దగ్గర మా ఊరి హైస్కూల్లో నేర్చుకున్నాను. నేను అప్పయమ్మని. ఆయన భార్యని.

మా ఆయన ఇక్కడ హిందీ బడిలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, రాయలేరు. మీ మొదటి ఉత్తరం నుంచీ ఆయన చెవిలో అరిచి చదివిందీ నేనే, ఆయన చెప్పింది రాసిందీ నేనే. ముత్యాలు నావి.

మీరడిగేది ఏ రేసో నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. నేను పేపరు చదువుతానమ్మా. "వివక్ష అంటే ఏటే?" అని ఆయన అడిగితే, "పరుగులో ఒక రకం లెండి" అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆయన వచ్చేవారు కాదు. "నన్నెవరూ ఏమీ అనలేదు" అని మంచం మీద అటు తిరిగి పడుకునేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ముందు నవ్వుతారు. తరవాత కాసేపు గోడ వంక చూస్తారు. ఆ రెండోది ఆయనకే తెలియదు. పరుగు పేరు చెప్తే మాత్రం మంటల్లోకైనా వెళ్తారు. అందుకే అలా పంపించాను.

మీరు దిగులు పడకండి. గురువారం ఇంటికొచ్చి అన్నం తిన్నాక, "నువ్వు నన్నెప్పుడూ ఆ పేరుతో పిలవలేదేటి?" అన్నారు. "మొగుడి పేరు పలకకూడదని మా అమ్మ చెప్పింది. అది మీ పేరేనని మీరే అంటున్నారు కదా" అన్నాను. నవ్వారు. ఈసారి గోడ వంక చూడలేదు. మైదానాన్నీ పొగనీ కప్పుల్నీ ఆయన ఇప్పటికీ తలుచుకుంటూనే ఉన్నారు. మీరేమీ పాడుచేయలేదు. నిన్న ఆదినారాయణ గారు వీధిలోంచి పాత పేరుతో కేక వేస్తే, "ఇంజన్ అను చాలు, మిగతాది వద్దు" అన్నారు.

ఇప్పుడు నా సంగతి. మా అత్తగారు ఆ రోజు లోపలికెళ్ళి ఏడ్చారు, నిజమే, ఆవిడే నాకు చెప్పారు. ఆ తరవాత కొన్నాళ్ళకి అదే మా అత్తగారు నన్ను చూడ్డానికి మా ఊరొచ్చారు. నన్ను వెలుతురులో నిలబెట్టి, నా మోచేతి మీద వేలు తడిచేసి రుద్ది చూశారు, పౌడరేమోనని. "మా వోడే నలుపు, దీన్నీ తెస్తే ఇంట్లో దీపం పెట్టుకోవాల" అన్నారు. మా వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మంచి మనిషి. నా రెండు పురుళ్ళూ ఆవిడే పోశారు. ఆఖరి రోజుల్లో నా చేతి ముద్దే తిన్నారు. కాని ఆ వేలు ఇంకా నా మోచేతి మీదే ఉంది.

ఈ మాట ఆయనకి తెలియదు. ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు. బయటివాళ్ళు మనల్ని అన్నది మీ పాఠంలో ఉంది, బాగుంది. మనింట్లో మనం అనుకున్నది ఎప్పుడు చెప్తారు? ఆ క్లాసుకి నేనొస్తాను. నాకు బాగా వినబడుతుంది. ఎవరైనా ప్రశ్నలడగొచ్చు. అరెన్లాని ఆదివారం భోజనానికి తీసుకురండి. వాళ్ళింట్లో ఏమనుకుంటారో నేనూ అడగాలి.

ఆశీస్సులతో,
అప్పయమ్మ.

తా.క.: ఇంతసేపు ఏటి రాస్తున్నావని ఆయన అడిగారు. మీకు ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎలా చేయాలో రాస్తున్నానని చెప్పాను. ఆదివారం ఆయన అడిగితే, బాగా కుదిరిందనండి.